ఎర్ర బండి ఎంత తాగుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రెండు ఒకే ఇంటివి. ఒకటి భర్త రాసింది, ఇంకోటి భార్య రాసింది. ఆయన రాసిన సంగతి ఆవిడకు తెలుసు. ఆవిడ రాసిన సంగతి ఆయనకు ఈ సంచిక చేతికొచ్చాకే తెలుస్తుంది. ఆయనది ముందు, ఆవిడది చివర వేస్తున్నాను. మధ్యలో ఇంకో రెండు ఉన్నాయి.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. రోజూ ఆఫీసుకు రానూ పోనూ 64 కిలోమీటర్లు. ఏడేళ్లుగా ఒకటే డీజిల్ కారు. ఫుల్ ట్యాంక్ కొట్టించి చూసుకుంటే లీటరుకు 20 వస్తోంది, ఏనాడూ మొరాయించలేదు. కానీ చిన్నప్పటి నుంచీ నాకు స్పోర్ట్స్ కార్ల పిచ్చి. ఇప్పుడు తెలిసినాయన దగ్గర ఎర్రటి రెండు సీట్ల బండి ఒకటి అమ్మకానికి వచ్చింది. మూడు లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు, పెట్రోల్. డీజిల్ కారు అమ్మేసి దాన్ని తీసుకుని, ఆఫీసుకూ దాంట్లోనే వెళ్దామని ఆలోచన. కంపెనీ కాగితంలో లీటరుకు 12 అని ఉంది. ఇరవైకీ పన్నెండుకీ తేడా ఎనిమిదే కదా, ఆ మాత్రం భరించలేనా అనిపిస్తోంది. స్నేహితులేమో జీతమంతా పెట్రోల్‌కే పోతుందని భయపెడుతున్నారు. నిజంగా ఎంత తేడా వస్తుంది? డబ్బుల్లో చెప్పండి.
— ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ "ఎనిమిదే కదా" దగ్గర ఆగుదాం. నా వర్క్‌షాపుకు వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే బోల్తా పడేవాళ్లు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెప్పుకోవడం మనకు అలవాటు. నలుగురిలో గొప్ప చెప్పుకోవడానికి ఆ అంకె బాగానే ఉంటుంది, జేబు లెక్కకు మాత్రం దాన్ని తిరగేయాలి. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడగాలి. మీ డీజిల్ కారు వందకు 5 లీటర్లు తాగుతోంది. 12 ఇచ్చే బండి 8.3 తాగుతుంది. 8 ఇచ్చేదైతే పన్నెండున్నర.

ఇంకో రకంగా చూడండి. 18 ఇచ్చే కారు అమ్మేసి 24 ఇచ్చేది కొన్నవాడు కనబడినవాడికల్లా చెప్పుకుంటాడు. వెయ్యి కిలోమీటర్లకు అతనికి మిగిలేది 14 లీటర్లు. 7 ఇచ్చే బండిని బాగుచేయించి 9కి తెచ్చుకున్నవాడు నోరు మెదపడు. తొమ్మిది అని చెప్పుకోవడానికే సిగ్గు కదా! కానీ అతనికి మిగిలేది దాదాపు 32 లీటర్లు. మైలేజీ అంకెలు కిందికి దిగేకొద్దీ ఒక్కో కిలోమీటరు తేడా ఖరీదు పెరుగుతూ పోతుంది. మీరు వెళ్దామనుకుంటున్నది సరిగ్గా ఆ కిందిభాగానికే.

డబ్బుల్లో చెప్పమన్నారు. చెప్పను. నేనిది రాసే రోజుకీ మీరు చదివే రోజుకీ మధ్యలోనే రేటు మారుతుంది. డీజిల్ చవకగా దొరికే చోట్లు ఉన్నాయి, పెట్రోలే చవకైన చోట్లూ ఉన్నాయి. లీటర్లు చెబుతాను, మీ బంకులో రేటు బోర్డు చూసి మీరే గుణించుకోండి. నెలకు 22 రోజులు ఆఫీసు అనుకుంటే 1,408 కిలోమీటర్లు. డీజిల్‌కు 70 లీటర్లు. ఎర్ర బండికి కాగితం మీది 12 ప్రకారం 117. నా అంచనా 8 ప్రకారం 176. అంటే నెలకు 105 లీటర్లకు పైగా ఎక్కువ, ఏడాదికి 1,260 దాటుతుంది. మీ డీజిల్ కారు ట్యాంకు 45 లీటర్లది అనుకుందాం. ఏడాదికి 28 ఫుల్ ట్యాంకులు అదనంగా పోసుకున్నట్టు.

కాగితంలో 12 ఉంటే మీరు 8 అంటారేమిటి అని అడుగుతారు. కాగితం మీది అంకె పుట్టేది ల్యాబులో, రోలర్ల మీద. కారు చక్రాలు తిరుగుతాయి గానీ కారు కదలదు. ఏ సెకనుకు ఎంత వేగం ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. యూరప్‌లో చాలాకాలం నడిచిన ఎన్‌ఈడీసీ అనే పాత పరీక్ష మరీ మెతకగా ఉందని 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష పెట్టారు. ఇది కాస్త నిజానికి దగ్గర. అయినా ఏ పరీక్షలోనూ మీ ఆఫీసు దారిలోని సిగ్నళ్లుండవు, మీ పాదమూ ఉండదు.

నా అంచనా నోటుబుక్కులోంచి వచ్చింది. వర్క్‌షాపు నడిపే రోజుల్లో ఒక కస్టమరు విసిగిపోయి వదిలించుకున్న పసుపు రంగు రెండు సీట్ల బండిని నేనే తీసుకున్నాను. అదీ మూడు లీటర్లే, ఆరు సిలిండర్లే. పనికి తిరగడానికి లీటరున్నర డీజిల్ ఇంజిన్ కారు ఒకటి అప్పటికే ఉండేది. నాలుగేళ్లపాటు రెండూ ఇంట్లో ఉన్నాయి, నేనూ మా ఆవిడా ఇద్దరం రెండూ నడిపాం. రెండు బళ్లకీ కలిపి ఒకటే నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీ డీజిల్‌ది, కుడి పేజీ పసుపు బండిది. బంకులో గన్ను టక్కుమని ఆగేదాకా నింపడం, మీటరు రీడింగు రాసుకోవడం, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టాయో రాసి భాగించడం. అంతే. ఎప్పుడూ అదే బంకు, వీలైతే అదే పంపు. ఒక్క ట్యాంకు లెక్క నమ్మకూడదు, ఐదారు ట్యాంకుల సగటు తీసుకోవాలి. ఆ బుక్కు ఇప్పుడు నా ముందే ఉంది. చివరి పేజీలకు గ్రీజు మరక.

డీజిల్ కారు సగటు 20.8. అన్నిటికన్నా తక్కువ 17.2, ఎక్కువ 24.1. పసుపు బండి సగటు 8.4. ఎక్కువలో ఎక్కువ 12.9, తక్కువలో తక్కువ 5.4. ఆ 12.9 ఒక పొడుగాటి ప్రయాణంలో వచ్చింది. పక్క సీట్లో మా ఆవిడ నిద్రపోతోంది, లేపడం ఇష్టంలేక దారంతా 85, 90 దాటకుండా పోనిచ్చాను. 5.4 పక్కన మాత్రం "వారమంతా ట్రాఫిక్" అని రాసి ఉంది.

ఈ నాలుగు అంకెల్నీ ఓసారి పక్కపక్కన పెట్టి చూడండి. డీజిల్ కారుకు మంచిరోజుకీ చెడ్డరోజుకీ తేడా నలభై శాతం. పసుపు బండికి రెండింతలకు పైనే. అంటే డీజిల్ కారు ఎవరు నడిపినా, ఎలా నడిపినా కాస్త అటూ ఇటూగా ఒకటే తాగుతుంది. స్పోర్ట్స్ కారు ఎంత తాగాలో కాలూ దారీ నిర్ణయిస్తాయి. మీరు దాన్ని తీసుకెళ్లాలనుకుంటున్నది ఆఫీసు దారికి, అంటే అది అన్నిటికన్నా ఎక్కువ తాగే చోటుకి.

ఎందుకలా అంటే, చదునైన రోడ్డు మీద 60 వేగంతో పోవడానికి మామూలు కారుకైనా మీ ఎర్ర బండికైనా కావలసింది పది హార్స్‌పవర్ లోపే. నమ్మబుద్ధి కాదు గానీ అంతే. మూడు వందల హార్స్‌పవర్ ఇంజిన్‌ను పది కోసం తిప్పుతుంటే, సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే ఆ ఆరు పిస్టన్లూ వాటి రాపిడీ ఎక్కడికీ పోవు. పని చేసినా చేయకపోయినా వాటి తిండి వాటికి పెట్టాలి.

దీనికితోడు పెట్రోల్ ఇంజిన్‌కు ఇంకో బాధ ఉంది. సూది తీసేసిన సిరంజి ఒకటి చేతిలోకి తీసుకోండి. మూతికి వేలు అడ్డం పెట్టి వెనకాల కాడను లాగండి. ఎంత బిగువుగా వస్తుందో చూశారా? సిగ్నళ్ల మధ్య మెల్లగా పోతున్నప్పుడు పెట్రోల్ ఇంజిన్‌లో ప్రతి పిస్టనూ చేసే పని అదే. పెట్రోల్ సరిగ్గా మండాలంటే ఒక వంతు పెట్రోల్‌కు బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. పెట్రోల్ తగ్గించాలంటే గాలీ తగ్గించాలి. అందుకని గాలి వచ్చే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది, అదే థ్రాటిల్. మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేకొద్దీ అది మూసుకుంటుంది. మూసుకున్న తలుపు వెనక నుంచి గాలి పీల్చడానికే ఇంజిన్ కొంత ఇంధనం ఖర్చుపెడుతుంది. ఇంజిన్ పెద్దదైతే సిరంజీ పెద్దది. డీజిల్‌కు ఈ గొడవ లేదు. ఎంత గాలి వచ్చినా రానిచ్చి, డీజిల్‌ను మాత్రమే తగ్గించుకుంటుంది. ట్రాఫిక్‌లో డీజిల్ గెలిచేది ప్రధానంగా ఇక్కడే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డీజిల్ ఇంజిన్ గాలిని దాదాపు పదహారో వంతు చోటులోకి నొక్కుతుంది, పెట్రోల్ ఇంజిన్ పదో వంతు, పన్నెండో వంతు దగ్గరే ఆగుతుంది. ఎక్కువ నొక్కితే అదే వేడిలోంచి ఎక్కువ పని రాబట్టొచ్చు. పైగా లీటరు డీజిల్ లీటరు పెట్రోల్ కన్నా బరువు, అందులో శక్తి కూడా పది శాతానికి పైనే ఎక్కువ. కాబట్టి డీజిల్ మైలేజీలో కొంత ఇంజిన్ గొప్ప కాదు, లీటరులో ఎక్కువ సరుకుండటమే.

మరి హైవే మీద ఎర్ర బండి 12 దాకా ఎలా వస్తుంది? అక్కడ ఇంజిన్‌కు కాస్త పని దొరుకుతుంది, థ్రాటిల్ తెరుచుకుంటుంది. కానీ వేగం పెంచారా, గాలి పగబడుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి అడ్డుకునే బలం మాత్రం 2.25 రెట్లు. ఇది డీజిల్‌కూ వర్తిస్తుంది. కాకపోతే ఎర్ర బండిలో 120 అంటే ఏమీ అనిపించదు, సమస్యల్లా అదే.

ఇంధనం రకం కూడా అడిగి తెలుసుకోండి. ఇలాంటి ఇంజిన్లలో చాలావాటికి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్, అంటే ఎంత నొక్కినా తనంతట తాను త్వరగా అంటుకోనిది కావాలి, ట్యాంకు మూత లోపలివైపు రాసి ఉంటుంది. అది మామూలు పెట్రోల్ కన్నా ఖరీదు. కక్కుర్తిపడి తక్కువది పోస్తే ఇంజిన్ కంప్యూటర్ నాకింగ్‌ను (పెట్రోల్ వేళకాని వేళ అంటుకుని ఇంజిన్ టకటకమనడాన్ని) పసిగట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది. పికప్ పోతుంది, తాగడం పెరుగుతుంది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు. టైర్ల సంగతీ అంతే. నా డీజిల్ కారు టైర్లు 50,000 కిలోమీటర్లు వచ్చాయి, పసుపు బండి వెనక టైర్లు 20,000కే బోడిగుండ్లయ్యాయి.

రెండు బళ్లు పెట్టుకోవడంలో ఇంకో ఖర్చుంది, అది ఏ లెక్కలోనూ రాదు. ఒకరోజు రాత్రి బాగా అలసిపోయి బంకుకు వెళ్లాను. వారమంతా పసుపు బండిలో తిరిగిన అలవాటు, నోటికి "పెట్రోల్, ఫుల్" అని వచ్చింది. నడుపుతున్నది డీజిల్ కారు. సగం నిండాక చూసుకున్నాను. ముప్పై ఏళ్లు స్పానర్ పట్టినవాణ్ణి! పెట్రోల్ గన్ను మూతి సన్నం, డీజిల్ ట్యాంకులోకి హాయిగా దూరుతుంది. డీజిల్ గన్ను మాత్రం చాలా పెట్రోల్ కార్లలో దూరదు, కాబట్టి తప్పు దాదాపు ఎప్పుడూ ఇటువైపే జరుగుతుంది. డీజిల్ పంపుకు లోపల జిడ్డు పట్టేది ఆ డీజిలే. పెట్రోల్ వెళితే ఆ జిడ్డు కడుక్కుపోయి పంపు, ఇంజిన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లు అరిగిపోతాయి. మీకెప్పుడైనా ఇలా జరిగితే తాళంచెవి తిప్పకండి, లైటు కోసం కూడా తిప్పకండి. పక్కకు నెట్టించి ట్యాంకు ఖాళీ చేయించండి. నాకు ట్యాంకు ఖర్చుతో పోయింది. తెల్లారి వర్క్‌షాపులో కుర్రాళ్ల నవ్వులు అదనం.

ఇక మీ విషయం. డీజిల్ కారు అమ్మకండి. ఎర్ర బండి కొనుక్కోవాలనుంటే కొనుక్కోండి, ఆఫీసుకు మాత్రం తీసుకెళ్లకండి. ఏడాదికి 17,000 కిలోమీటర్లు తిరిగే బండి డీజిల్‌దే అవ్వాలి, ఐదారు వేలు తిరిగేది ఏదైనా అవ్వొచ్చు. రెండు బళ్లకు చోటు లేదు, ఒక్కటే ఉండాలి, అదీ స్పోర్ట్స్ కారే కావాలి అంటారా? అప్పుడు ఆరు సిలిండర్లు మర్చిపోయి తేలికైన నాలుగు సిలిండర్ల బండి చూడండి. మాజ్దా ఎంఎక్స్-5 లాంటివి. 1989లో మొదట వచ్చినప్పుడు దాని బరువు టన్ను లోపే. నా కస్టమరొకాయన దాన్ని రోజూ పనికి తిప్పేవాడు, 13కు తగ్గలేదని చెప్పేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహంలో నవ్వు చూసి చెబుతున్నా, ఆనందానికీ సిలిండర్ల సంఖ్యకూ సంబంధం లేదు.

ప్రశ్న: నేను టీచర్ని. ఇంటి నుంచి స్కూలుకు 3 కిలోమీటర్లు. మైలేజీ బాగుంటుందని అందరూ చెబితే రెండేళ్ల క్రితం డీజిల్ కారు కొన్నాను. 11 కూడా రావడం లేదు. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఏదో పసుపు లైటు వెలుగుతోంది, ఫిల్టర్ మూసుకుపోయిందంటున్నారు. బండిలో లోపమా, నాలోనా?
— ఒక పాఠకురాలు

జవాబు: రెండింటిలోనూ కాదు, ఆ మూడు కిలోమీటర్లలో ఉంది. డీజిల్ ఇంజిన్ నింపాదిగా వేడెక్కుతుంది. మీరు స్కూలు గేటు దగ్గర ఆపేసరికి అది ఇంకా చల్లగానే ఉంటుంది, చల్లటి ఇంజిన్ ఎక్కువ తాగుతుంది. ప్రతిరోజూ రెండుసార్లు మీరు ఆ ఖరీదైన మొదటి కిలోమీటర్లే నడుపుతున్నారు, చవకైన తర్వాతి కిలోమీటర్ల దాకా వెళ్లడమే లేదు.

ఆ లైటు సంగతి. కొత్త డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటుంటుంది. అది నిండితే బండే కాస్త అదనంగా డీజిల్ చల్లి, లోపల 600 డిగ్రీల వేడి పుట్టించి ఆ మసిని కాల్చేస్తుంది. ఆ పని పూర్తికావడానికి ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ఒక మోస్తరు వేగంతో పోవాలి. మీరు ఆరు నిమిషాల్లో ఆపేస్తారు. మర్నాడు మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ మీరు ఆపేస్తారు. పెట్టిన డీజిల్ దండగ. పైగా మండని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగి ఉంటుంది. అది సంతోషించాల్సిన విషయం కాదు, వెంటనే ఆయిల్ మార్పించండి.

లైటు ఇంకా పసుపులోనే ఉంటే, బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ లైటుకు ఏం చేయమన్నాడో చూసి, ఖాళీ రోడ్డు మీద అరగంట తిప్పుకురండి. ఎర్ర లైటు వస్తే నడపకండి, మెకానిక్‌ను పిలవండి. ఆ తర్వాత వారానికోసారి ఇలా అరగంట తప్పదు. మీరు నెలకు తిరిగేది 150 కిలోమీటర్ల లోపు, తాగేది పధ్నాలుగు లీటర్ల లోపు. మామూలు చిన్న పెట్రోల్ కారైనా మీ దారిలో అంతే తాగేది, ఈ ఫిల్టర్ టెన్షన్ ఉండేది కాదు. వీలు కుదిరినప్పుడు ఈ కారును రోజూ దూరం తిరిగేవాళ్లెవరికైనా ఇచ్చేయండి. వాళ్ల చేతిలో ఇది బంగారం.

ప్రశ్న: సార్, నేను పదో తరగతి. అన్ని కార్లలోకీ ఎక్కువ పెట్రోల్ తాగేది ఏది? మా క్లాసులో పందెం.

జవాబు: అన్నిట్లోకీ ఏది అని తేల్చడం కష్టం గానీ, పందెంలో నిలబడే పేరొకటి ఇస్తాను. బుగాటీ వేరాన్. 2005లో వచ్చింది. 8 లీటర్ల ఇంజిన్, 16 సిలిండర్లు, 4 టర్బోలు, వెయ్యికి పైగా హార్స్‌పవర్. ట్యాంకు 100 లీటర్లది. అది తన పూర్తి వేగం, అంటే 400కు పైన పరుగెడితే ఆ వంద లీటర్లు దాదాపు 12 నిమిషాల్లో అయిపోతాయి. 407 వేగంతో 12 నిమిషాల్లో ఎంత దూరం పోతుందో నువ్వే లెక్క కట్టు. 81 కిలోమీటర్లు. లీటరుకు కిలోమీటరు కూడా లేదు.

తమాషా ఏమిటంటే, బుగాటీ అప్పట్లో ఫోక్స్‌వ్యాగన్ చేతిలో ఉండేది. అదే ఫోక్స్‌వ్యాగన్ 2013లో ఎక్స్‌ఎల్1 అని రెండు సీట్ల బండి చేసింది. రెండు సిలిండర్ల 830 సీసీ డీజిల్ ఇంజిన్, తోడుగా కరెంటు మోటారు. పరీక్షలో వంద కిలోమీటర్లకు 0.9 లీటర్లు, అంటే లీటరుకు 111. ఛార్జి చేసిన బ్యాటరీతో మొదలుపెట్టి తీసిన లెక్క అది, అది ఖాళీ అయితే అంత రాదు. అయినా ఒకే కంపెనీ ఇంట్లో పుట్టిన రెండు రెండు సీట్ల బళ్లకు నూటికి పైగా రెట్ల తేడా! పందెం గెలిస్తే నాకు రాయి, ఓడితే మాస్టారికి చెప్పకు.

ప్రశ్న: మా ఆయన మీకు ఉత్తరం రాసి కవరులో పెట్టేముందు రెండుసార్లు పైకి చదువుకున్నారు. వంటింట్లోకి వినిపించింది. ఆయన ఒక సంగతి రాయలేదు. ఆ 64 కిలోమీటర్లలో పొద్దున మొదటి తొమ్మిది కిలోమీటర్లు నేనూ, మా పాపా కూడా అదే కారులో ఉంటాం. దాన్ని స్కూల్లో, నన్ను ఆఫీసు దగ్గర దింపుతారు. రెండు సీట్లలో ముగ్గురం ఎలా కూర్చుంటామో ఆయన్ని అడగాలనుకుని ఊరుకున్నాను. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన ఆ బొమ్మ కార్లు తుడుచుకోవడం చూస్తున్నా, కాదనడానికి నోరు రావడం లేదు. డీజిల్ కారు ఉంచుకుని ఎర్రది ఆదివారాలకు కొనుక్కుందాం అందామని ఉంది. ఇంటి జమాఖర్చులు రాసేది నేనే. నెలకు ఎన్ని లీటర్లని రాసుకోమంటారు? నేనూ నడుపుతాను. తక్కువ తాగాలంటే ఎలా నడపాలి?
— ఆ పాఠకుడి భార్య

జవాబు: అమ్మా, మీ ఆయనకు పైన నేను రెండు పేజీలు రాసి చెప్పింది మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆయన ఉత్తరంలో ఈ తొమ్మిది కిలోమీటర్ల ముచ్చట ఉండి ఉంటే థ్రాటిల్ గురించీ సిరంజి గురించీ రాసే పనే ఉండేది కాదు.

లెక్క ఇలా వేసుకోండి. ఆదివారానికి 120 కిలోమీటర్లు, నెలకు నాలుగు ఆదివారాలు, 480. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద పోతే లీటరుకు పది వస్తుంది, కాబట్టి 48 లీటర్లు. ఆఫీసుకు తీసుకెళితే 176 అయ్యేది గుర్తుపెట్టుకోండి. డీజిల్ కారు 70 లీటర్లు ఎలాగూ ఉంటుంది. మొదటి రెండు నెలలు మాత్రం 48 కాదు, 80 రాసుకోండి. కొత్తమోజులో పాలప్యాకెట్‌కు కూడా ఆ బండే బయటికి వస్తుంది. మూడో నెలకు సర్దుకుంటుంది. ఆదివారం కదపని వారాల్లో కూడా పదిహేను రోజులకోసారి అరగంట తిప్పండి, లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది. ఇంట్లో ఊరికే స్టార్ట్ చేసి వదిలేయడం వల్ల పెట్రోల్ దండగే తప్ప ప్రయోజనం లేదు.

నడపడంలో మూడు నాలుగు విషయాలున్నాయి. ముందు ఎర్ర లైటు కనబడగానే న్యూట్రల్‌లో వేసి దొర్లించకండి. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేయండి. అప్పుడు కంప్యూటర్ ఇంజెక్టర్లను కట్టేస్తుంది, బండి తన ఊపుతో తాను పోతుంది, పెట్రోల్ చుక్క కూడా పడదు. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత పోస్తూనే ఉంటుంది. పై గేరు త్వరగా వేయండి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు కింది వేగాల్లో కూడా లాగే బలం ఉంటుంది, 50 దగ్గరే నాలుగో గేరు వేసినా ఏమీ అనదు. నెలకోసారి టైర్లలో గాలి చూపించండి, వెడల్పు టైర్లకు గాలి తగ్గినా కంటికి తెలీదు. ఇక బ్రేకు. ప్రతిసారి బ్రేకు నొక్కినప్పుడు మీరు కొన్న పెట్రోల్ చక్రాల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ముందున్న బండికి దూరం పాటిస్తే సగం బ్రేకులు అవసరమే రావు.

మా ఇంట్లో పసుపు బండిని నా కన్నా మా ఆవిడ బాగా నడిపేది. నోటుబుక్కులో పది దాటిన ట్యాంకుల్లో ఎక్కువ ఆవిడవేనని ఆవిడ వాదన. నా దగ్గర రుజువు లేదు, ఆవిడ దగ్గరా లేదు. కాబట్టి మీరు మొదటి రోజే పుస్తకం గీసేటప్పుడు తేదీ, రీడింగు, లీటర్లు అని మూడు గళ్లే కాకుండా నాలుగోది కూడా గీయండి, ఎవరు నడిపారు అని. మాకు ఆ గడి లేకపోవడం వల్ల ఆ 5.4 ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. పక్కన "వారమంతా ట్రాఫిక్" అని ఉన్నది మాత్రం నా చేతిరాతే.